తాగుడు మానాలనుకునే సోదరుడికి తోడు

మద్యం హరామ్ అని తెలియని ముస్లిం ఇల్లు ఉండదు. అయినా తాగుడుకు బానిసలైనవారు మన బస్తీల్లోనూ ఉన్నారు. ఆ సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు, ఇరుగుపొరుగుకూ తెలుసు. కాని నోరు విప్పేవారుండరు. పరువు పోతుందని తల్లి దాస్తుంది, కూతురికి సంబంధాలు రావని భార్య దాస్తుంది. అలా దాచీ దాచీ, కాలేయం చెడిపోయాక ఆసుపత్రికి పరుగెత్తుతాం.

మద్యనిషేధం ఎలా అమలయ్యిందో ఒకసారి గుర్తుచేసుకుందాం. మద్యంలో కొంత లాభమున్నా దాని పాపమే పెద్దదని మొదట బఖరా సూరా తెలిపింది. మత్తులో ఉండి నమాజు దరిదాపులకు రావద్దని నిసా సూరా ఆదేశించింది. చివరికి మాయిదా సూరాలో పూర్తి నిషేధం వచ్చింది. ఆ ఆదేశం వినగానే ప్రజలు పారబోసిన మద్యం మదీనా వీధుల్లో పారిందని హదీసు గ్రంథాలు చెబుతున్నాయి. ఇక్కడ మనం గమనించని విషయం ఒకటుంది. ఆనాడు ఎవరూ ఒంటరిగా మానలేదు. ఊరంతా కలిసి మానింది. నేటి మన సోదరుడు మాత్రం ఒక్కడే ఒట్టు వేసుకుంటాడు, సాయంత్రానికి అదే సందు, అదే దుకాణం, అదే స్నేహితుల మధ్యకు వెళతాడు.

మరి మనం అతనికి ఏమిస్తున్నాం? తిట్లు, శాపనార్థాలు. దైవప్రవక్త (స) కాలంలో ఒక వ్యక్తి తాగినందుకు పలుమార్లు శిక్ష పొందాడు. అక్కడున్న ఒకరు అతణ్ణి శపించారు. దైవప్రవక్త (స) వారించి, అతనికి అల్లాహ్ పట్ల, ఆయన ప్రవక్త పట్ల ప్రేమ ఉందని చెప్పారు. ఇది బుఖారీలోని ఉల్లేఖనం. శిక్ష పడింది, కాని అతణ్ణి సమాజం నుంచి వెలివేయలేదు.

ఇంకో పొరపాటు కూడా మనలో ప్రబలింది. ‘తాగితే నలభై రోజులు నమాజు స్వీకరించబడదట, ఇక చదివి ఏం లాభం?’ అని కొందరు మస్జిద్ మానేస్తారు. పుణ్యం పోతుందేగాని నమాజు బాధ్యత పోదని పండితులు వివరించారు. తౌబా చేస్తే అల్లాహ్ స్వీకరిస్తాడని అదే హదీసులో ఉంది. ఆ సగం మాత్రం మనకు గుర్తుండదు.

తాగుడు మానదలచినవారు ఒకచోట కూర్చొని ఒకరికొకరు తోడుగా నిలిచే సభలు ఉన్నాయి. వాటిని నడిపే ‘ఆల్కహాలిక్స్ అనానిమస్’ 1935లో అమెరికాలోని ఆక్రన్‌లో ఇద్దరు తాగుబోతుల కలయికతో మొదలైంది. సభ్యత్వానికి రుసుము లేదు. తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. హైదరాబాదులోనూ ఈ సభలు జరుగుతున్నాయి. కుటుంబసభ్యుల కోసం ‘అల్-అనాన్’ అనే వేరే సంస్థ ఉంది. భార్యలు, తల్లులు దీన్ని తప్పక తెలుసుకోవాలి. భర్త రానన్నా భార్య వెళ్లవచ్చు.

ఇక్కడ మన ఇళ్లలో వచ్చే సందేహాలు న్యాయమైనవే. కొన్ని సభలు చర్చి ఆవరణలో జరుగుతాయి. అది గది దొరికిన చోటు మాత్రమే, ఆ సంస్థ ఏ మతానికీ చెందదు. అక్కడ ప్రార్థన చదివితే మనం మౌనంగా కూర్చోవచ్చు, మనసులో మన దుఆ మనం చేసుకోవచ్చు. వారి పన్నెండు మెట్లలో దేవుణ్ణి ఎవరి అవగాహన మేరకు వారు తలచుకోమన్నారు. మనకు అల్లాహ్ తప్ప మరో ఆశ్రయం లేదు. అమెరికాలోని బాల్టిమోర్‌లో ముస్లింలు 1989లో ‘మిల్లతి ఇస్లామీ’ పేరిట ఆ మెట్లనే ఇస్లాం వెలుగులో మలచుకున్నారు.

పాపాన్ని బయటపెట్టవద్దన్నారు కదా అని మరికొందరంటారు. నిజమే. గొప్పగా చెప్పుకొని తిరగడాన్ని వారించారు. వైద్యుడికి రోగం చెప్పుకోవడం ఆ కోవలోకి రాదు. ఈ సభల్లో ఇంటిపేరు అడగరు, అక్కడి మాట అక్కడే ఉండాలన్నది నియమం. మాట్లాడాలన్న బలవంతం కూడా లేదు, విని రావచ్చు.

ఒక హెచ్చరిక. ఏళ్ల తరబడి రోజూ విపరీతంగా తాగేవారు ఒక్కసారిగా మానేస్తే వణుకు, మూర్ఛలు, మతిభ్రమ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. రమజాన్ నెలవంక చూసి మానదలచినవారి ఇళ్లవారు ఇది మరువరాదు. నెలకు ముందే వైద్యుణ్ణి కలవాలి. హైదరాబాదులో ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఇతర ఊళ్లవారు పెద్ద ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్య విభాగాన్ని అడగాలి.

దగ్గరి సభ ఎక్కడో ఆ వైద్యులనే అడగండి. మత్తుపదార్థాల నుంచి విముక్తి కోరేవారికి కేంద్ర ప్రభుత్వపు ఉచిత ఫోను 14446, మనోవ్యథకు 14416. సభ ఏ భాషలో జరుగుతుందో, బయటివారిని రానిస్తారో ముందే కనుక్కోండి. కొన్ని సభలు తాగుడు సమస్య ఉన్నవారికే, కొన్నింటికి ఎవరైనా రావచ్చు. మొదటి రోజు అన్నో బావో వెంట వెళ్లి గుమ్మం దాకా దిగబెట్టాలి. ఒక్కసారి వెళ్లి ‘నచ్చలేదు’ అంటే ఇంకోచోట చూడాలి, ఎందుకంటే అన్ని సభలూ ఒకేలా ఉండవు. మళ్లీ తాగినా మళ్లీ పంపాలి.

మస్జిద్ కమిటీల పెద్దలకు ఒక మనవి. నమాజు వేళల బోర్డు కింద ఆ రెండు నంబర్లూ రాయించండి. ఇషా తర్వాత ఖాళీగా ఉండే మద్రసా గది ఒకటి వారానికో గంట ఇవ్వగలరేమో ఆలోచించండి.