కాలిపోయిన గ్రంథపు చుట్ట



మన విచారణల్లో కలం పట్టినవారు తక్కువేమీ కాదు. క్రిస్మసుకు పిల్లలచేత ఆడించడానికి నాటిక వ్రాసే ఉపదేశిగారు ఉన్నారు. విచారణ పండుగకు కొత్త పాట కట్టే గాయకబృందం పెద్ద ఉన్నారు. ఇంటిపనంతా ముగించుకొని, రాత్రివేళ నోటుపుస్తకంలో నాలుగు పంక్తులు వ్రాసుకునే తల్లి ఉంది. పత్రికకు కథ పంపి, వారం వారం ఆశగా పుటలు తిరగవేసే కాలేజీ కుర్రవాడు ఉన్నాడు.

వీరందరికీ తెలిసిన బాధ ఒకటుంది. పంపిన రచన అచ్చుకాదు. జవాబైనా రాదు. విన్నవారు “ఇదీ ఒక పాటేనా?” అని నవ్వేస్తారు. ఇంట్లోవారే “ఈ వ్రాతలు కూడు పెడతాయా?” అంటారు. కూరలో ఉప్పు ఎక్కువైందంటే ఒక పూట చిన్నబుచ్చుకుంటాం. వ్రాసినది బాగాలేదంటే మాత్రం మనమే పనికిరానివారమైనట్లు కుమిలిపోతాం. వ్రాతలో మన మనసును పెట్టివుంటాం గనుక ఆ దెబ్బ నేరుగా మనసుకే తగులుతుంది.

పరిశుద్ధ గ్రంథం ఈ బాధను ఎరుగును. యిర్మీయా గ్రంథం 36వ అధ్యాయాన్ని ఒకసారి తెరచి చదవండి. ప్రవక్త నోట దేవుడు పలికించిన మాటలను బారూకు అనే లేఖకుడు ఒక చుట్టలో వ్రాశాడు. ఉపవాసదినాన దేవాలయంలో ప్రజలకు చదివి వినిపించాడు. ఆ చుట్ట చివరకు యెహోయాకీము రాజు చెంతకు చేరింది. అది చలికాలం. రాజు ఎదుట కుంపటి మండుతూ ఉంది. సేవకుడు మూడు నాలుగు వరుసలు చదివిన ప్రతిసారీ, రాజు ఆ భాగాన్ని చాకుతో కోసి నిప్పుల్లో పడవేశాడు. కాల్చవద్దని ముగ్గురు అధికారులు బతిమాలినా అతడు వినలేదు. చుట్ట మొత్తం బూడిదయ్యింది.

రచయితకు ఇంతకంటె పెద్ద తిరస్కారం ఏముంటుంది? కాని కథ అక్కడ ముగియలేదు. దేవుని ఆజ్ఞ మేరకు యిర్మీయా మరొక చుట్టను తీసుకొని బారూకుకు ఇచ్చాడు. బారూకు మళ్ళీ మొదటినుండి వ్రాశాడు. కాలిపోయిన మాటలన్నీ అందులో ఉన్నాయి. అటువంటి మాటలు ఇంకా ఎన్నో చేరాయి కూడా. మొదటి చుట్టకంటె రెండవ చుట్టే పెద్దదయ్యింది.

45వ అధ్యాయంలో ఇంకొక సంగతి ఉంది. అలసిపోయి నిట్టూర్చే బారూకుతో దేవుడు, నీ కొరకు నీవు గొప్పవాటిని కోరుకోవద్దు అనే భావంతో మాట్లాడతాడు. నీ ప్రాణాన్ని మాత్రం కాపాడతానని మాట ఇస్తాడు. పేరు వస్తుందని దేవుడు అతనికి చెప్పలేదు. చేయవలసిన పనిని, తోడుగా ఉంటాననే మాటను ఇచ్చాడు. మన కలానికి కూడా ఆయన ఇచ్చే వాగ్దానం ఇదే.

ఇక మన శ్రీసభ చరిత్రలోనికి వద్దాం. జెరార్డ్ మాన్లీ హాప్కిన్స్ ఇంగ్లండు దేశస్థుడు. 1866లో, నేడు మనం పునీతునిగా గౌరవించే జాన్ హెన్రీ న్యూమన్ గారి ద్వారా కతోలిక శ్రీసభలో చేరాడు. 1868లో యేసుసభలో ప్రవేశిస్తూ, కవిత్వం తన పిలుపుకు అడ్డు రాకూడదని వ్రాసిన పద్యాలను పక్కన పెట్టేశాడు. ఏడేళ్ళ తరువాత, 1875 డిసెంబరులో, “డాయిచ్‌లాండ్” అనే ఓడ థేమ్సు నదీముఖం దగ్గర ఇసుకమేటను ఢీకొని మునిగింది. మరణించినవారిలో జర్మనీనుండి వెళ్ళగొట్టబడిన ఐదుగురు ఫ్రాన్సిస్కన్ మఠకన్యలు ఉన్నారు. దీనిపై ఎవరైనా ఒక పద్యం వ్రాస్తే బాగుంటుందని మఠాధిపతి అన్నారు. ఆ మాటను ఆధారం చేసుకొని హాప్కిన్స్ పెద్ద కావ్యమే వ్రాశాడు.

దానిని తన సభవారే నడిపే “ది మంత్” పత్రికకు పంపాడు. వారు వేసుకోలేదు. ఆ లయ కొత్తది, చదవడం కష్టం. తరువాత మరొక ఓడ ప్రమాదంపై పద్యం వ్రాసి పంపాడు. అదీ అచ్చుకాలేదు. పరాయివారు కాదంటే ఓర్చుకోవచ్చు. సొంత ఇంటివారే కాదన్నారు! అయినా ఆయన సభను వీడలేదు, గురుత్వాన్ని విడువలేదు. అప్పజెప్పిన బోధన, ప్రసంగం, పాపసంకీర్తనం వంటి పనులు చేస్తూనే, వీలు దొరికినప్పుడు వ్రాస్తూ వచ్చాడు. 1889లో, 44 ఏండ్ల వయసులో, డబ్లిన్ నగరంలో టైఫాయిడ్ జ్వరంతో మరణించాడు. ఆనాటికి ఆయన పద్యసంపుటి ఒక్కటి కూడా వెలువడలేదు.

మరి ఆ పద్యాలు మనకెలా దక్కాయి? రాబర్ట్ బ్రిడ్జెస్ అనే స్నేహితుని వలన. ఈ బ్రిడ్జెస్ కతోలికుడు కాదు. ఆ పెద్ద కావ్యం ఆయనకు అసలే నచ్చలేదు. ఆ మాట దాచకుండా ముఖం మీదే చెప్పాడు. అయినా హాప్కిన్స్ ఉత్తరాలు మానలేదు, స్నేహాన్ని తెంచుకోలేదు. తన లయ ఏమిటో ఓపికగా వివరించేవాడు. అంత కటువుగా విమర్శించిన ఆ స్నేహితుడే పద్యాలను భద్రపరచి, 1918లో పుస్తకంగా తెచ్చాడు. నేడు ఇంగ్లీషు సాహిత్యం చదివేవారు హాప్కిన్స్‌ను దాటి వెళ్ళలేరు. ఒక విమర్శకు అలిగి ఆ స్నేహాన్ని వదులుకొని ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

ప్రియ పాఠకులారా, విమర్శలన్నీ ఒక్కటి కావు. సత్యం తనకు గుచ్చుకున్నందుకు రాజు చుట్టను కాల్చాడు. పద్యం అర్థం కాలేదని స్నేహితుడు చెప్పాడు. మొదటిదానికి భయపడనవసరం లేదు. రెండవదానిని వినకపోతే నష్టం మనకే. “మాటలు తాళంలో పడటం లేదు, నాటిక సాగదీసినట్లుంది” అని ఎవరైనా చెబితే, వెంటనే “నేనూ యిర్మీయా వంటివాడినే” అనుకోవద్దు. ఒక రాత్రి గడవనివ్వండి. కోపం చల్లారాక దివ్యసత్ప్రసాదం ఎదుట కూర్చొని ఆ మాటను తిరిగి తలచుకోండి. నిజముంటే దిద్దుకోండి, లేకుంటే క్షమించి మళ్ళీ కలం పట్టండి.

హాప్కిన్స్ చేసిన మరొక పని మనకు ఆదర్శం. 1878లో ఆయన డిక్సన్ అనే కవికి ఉత్తరం వ్రాశాడు. డిక్సన్ పద్యాలనూ లోకం పట్టించుకోలేదు. మీ పద్యాలు నాకెంతో ప్రియమైనవని హాప్కిన్స్ ఆయనకు తెలిపాడు. తరువాతి ఉత్తరంలో, సాహిత్యానికి న్యాయమైన విమర్శకుడు క్రీస్తు ఒక్కడేనని, తాను ఇచ్చిన వరాలను ఆయనే అందరికంటె ఎక్కువగా మెచ్చుకుంటాడని ఓదార్చాడు. తన గాయం మానకముందే మరొకరి గాయానికి కట్టు కట్టాడు.

కుటుంబ పెద్దలకు ఒక మనవి. మీ అమ్మాయి పద్యం వ్రాసి చూపిస్తే, తప్పులు వెదకడానికి ముందు ఒకసారి పూర్తిగా చదవండి. బాగున్న ఒక్క పంక్తినైనా చూపి, ఆ తరువాతే లోపం చెప్పండి. యెహోయాకీము చాకు మన ఇళ్ళల్లో ఉండరాదు.

ఏసుప్రభువు వ్రాసినట్లు సువిశేషాలలో ఒక్కచోటనే చూస్తాం. వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీని రాళ్ళతో కొట్టాలని జనం గుమికూడినపుడు, ఆయన వంగి నేలపై వ్రాశాడు. ఏమి వ్రాశాడో సువార్తికుడు చెప్పలేదు. ఆ వ్రాతను ఎవరూ దాచలేదు. కాని ఆ దినాన ఒక ప్రాణం నిలిచింది. మన వ్రాత అచ్చుకాకపోయినా ఒక్క మనిషిని నిలబెడితే అది వృథా కాదు.

ప్రభువా, మా కలాలకు సత్యాన్ని, మా చెవులకు వినయాన్ని, మా నాలుకలకు దయను ప్రసాదించండి. కాలిపోయిన చుట్టను చూసి ఏడ్చే మీ బిడ్డల చేతికి మరొక చుట్టను అందించండి. ఆమెన్.