మాటు వేసిన బిందె

అబద్ధమాడటం తప్పా అని ఎవరైనా అడిగితే మన ఆడవాళ్ళం చప్పున "తప్పే గాని..." అంటాం. ఆ "గాని" తర్వాత వచ్చేదంతా మన సంసారమే. అత్తగారి మనసు నొచ్చుకోకూడదని, మావారి బీ.పీ. పెరగకూడదని, పిల్లలు బెంగపెట్టుకోకూడదని రోజుకి నాలుగు చిన్న చిన్న అబద్ధాలు ఆడుతూనే వుంటాం. పోపులో ఇంగువలాగా చిటికెడు పడితే నష్టమేమిటని నేనూ అనుకునేదాన్ని. ఒక ఇత్తడి బిందె నా కళ్ళు తెరిపించింది.

ఆ బిందె మా అత్తగారిది. పెళ్ళప్పుడు పుట్టింటివారు సారెతో పంపిందట. మా వంటింట్లో ఇంత స్టీలు సామాను వున్నా, మంచినీళ్ళు మాత్రం ఆ బిందెలోనే పట్టాలి. చింతపండు పెట్టి తోమి, బంగారంలా మెరిపించి, రాత్రి పట్టిన నీళ్ళు పొద్దున తాగితే వొంటికి చలవ అనేది ఆవిడ నమ్మకం. ఇరవై ఏళ్ళ కిందట అడుగున చిల్లు పడితే, "పాత్రలకి మాట్లు వేస్తాం" అని వీధిలో కేకేస్తూ వచ్చినవాణ్ణి పిలిచి మాటు వేయించారు. అప్పటికి నేను కొత్త కోడల్ని. అతను తెల్లటి లోహం కరిగించి చిల్లు మీద పోస్తుంటే గుమ్మంలో నిలబడి ముచ్చటగా చూశాను.

2020 డిసెంబరులో ఏలూరు సంగతి మీకు గుర్తుండే వుంటుంది. ఆరోగ్యంగా తిరుగుతున్న మనుషులు ఉన్నట్టుండి మూర్ఛ వచ్చి పడిపోయారు. వందల మంది ఆసుపత్రి పాలయ్యారు. కొందరి రక్తంలో సీసం, నికెల్ వున్నాయని ఎయిమ్స్ వారి పరీక్షల్లో తేలింది. పురుగుమందులేమోననే మాట కూడా వచ్చింది. మావూరు అక్కడికి ఎంతో దూరం లేదు. ఆ రోజుల్లో మా వీధిలో ఏ ఇంట్లో చూసినా గంగాళాలతో నీళ్ళు కాచడమే. నేనూ కాచాను.

మా తమ్ముడు ఓ కాలేజీలో కెమిస్ట్రీ పాఠాలు చెబుతాడు. వాడొచ్చి చూసి నవ్వాడు. "కాస్తే క్రిములు చస్తాయక్కా, సీసం చావదు. నీళ్ళు ఆవిరైన కొద్దీ అది కాస్త చిక్కబడుతుంది కూడా" అన్నాడు. దానికి రుచీ వాసనా ఏమీ వుండవట. కుళాయి నీళ్ళు ఒక సీసాలో, రాత్రంతా బిందెలో వున్న నీళ్ళు ఇంకో సీసాలో పట్టించుకుని తీసుకుపోయాడు.

వారం తర్వాత ఫోన్ చేశాడు. కుళాయి నీళ్ళలో భయపడవలసిందేం లేదు. బిందె నీళ్ళలో మాత్రం సీసం వుండవలసినదానికి మించి వుంది. మన దేశపు ప్రమాణం ప్రకారం లీటరు నీళ్ళలో 0.01 మిల్లీగ్రాము దాటకూడదు. చిటికెడు ఉప్పును ఎన్ని వేల వంతులు చెయ్యాలో మరి! అసలు ఇంతవరకు ఫరవాలేదు అని చెప్పగలిగిన హద్దే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మాట్లకు వాడే లోహంలో తగరంతో పాటు సీసం కలుపుతారు. ఇరవై ఏళ్ళుగా అది కొంచెం కొంచెంగా మా నీళ్ళలోకి దిగుతోందన్నమాట.

"పెద్దవాళ్ళ కంటే పిల్లల వొంటికి అది నాలుగైదు రెట్లు ఎక్కువగా పడుతుందక్కా. మెదడు ఎదుగుదల మీద, చదువు మీద దెబ్బ కొడుతుంది" అన్నాడు మెల్లిగా.

ఫోన్ పెట్టేసి కూర్చుండిపోయాను. మా చిన్నాడికి లెక్కలు రావు. నిలకడగా కూర్చోడని ఎన్నిసార్లు తొడపాశం పెట్టానో! దానికీ దీనికీ సంబంధం వుందని ఎవరూ చెప్పలేరు. లేదని కూడా చెప్పలేరు. వాడికి బువ్వ తినిపించి, ఆ బిందెలోంచి గ్లాసు ముంచి తాగించిన చెయ్యి నాదే.

మరి తప్పు ఎవరిది? మాటు వేయించిన అత్తగారిదా, వేసినవాడిదా, గుమ్మంలో నిలబడి చూసిన నాదా? చాలా ఆలోచించాను. తెలియక చేసినదాన్ని పాపమనడానికి నాకు మనసొప్పలేదు. ప్రేమతో పోసిన నీళ్ళవి. మరి డెబ్భై ఎనిమిదేళ్ళ ముసలావిణ్ణి కూర్చోబెట్టి, "మీ బిందె నీళ్ళే మీ మనవలకు విషమయ్యాయి" అని చెప్పడమెందుకు? ఇప్పుడు చేసేదేముంది? అలా నాకు నేనే తీర్పు చెప్పుకుని బిందెను అటక ఎక్కించాను. "మళ్ళీ కారుతోంది అత్తయ్యా, స్టీలు బిందె కొన్నాను" అన్నాను. ఆవిడ నమ్మారు.

నెల తిరక్కుండా ఓ మధ్యాహ్నం నిద్రలేచి వచ్చేసరికి, మా పనిమనిషి సుబ్బులు పెరట్లో ఆ బిందెను తళతళా తోముతోంది.

"నీళ్ళు పోసి చూశాను అమ్మాయ్, చుక్క కారడం లేదు. నీకేమో వద్దు. దీని కూతురు ఏడో నెలతో పుట్టింటికొచ్చింది. పురిటికి ఇంట్లో మంచి బిందె లేదంటే తీసుకోమన్నాను" అన్నారు అత్తగారు మురిసిపోతూ.

నా గుండె ఝల్లుమంది. మా తమ్ముడు చెప్పిన ఇంకో మాట గుర్తొచ్చింది. సీసం ఎముకల్లో చేరి ఏళ్ళ తరబడి దాక్కుంటుందట. కడుపుతో వున్నప్పుడు అక్కణ్ణించి రక్తంలోకి వచ్చి లోపలి బిడ్డను చేరుతుందట. ఒక పెద్దావిడ మనసు కాపాడతానని నేనాడిన అబద్ధం, నిగనిగలాడుతూ ఓ పుట్టని బిడ్డ ఇంటికి బయలుదేరి వుంది!

అప్పుడు చెప్పాను. అంతా చెప్పాను. చెబుతూ ఆవిడ మొహంలోకి చూడలేకపోయాను.

అత్తగారు చాలాసేపు మాట్లాడలేదు. కొంగుతో కళ్ళు వొత్తుకున్నారు. "నీకెప్పుడు తెలిసింది?" అని అడిగారు. చెప్పాను. "నెల్నాళ్ళు నీలో నువ్వే మింగావా? నేనేమైపోతాననుకున్నావు?" అన్నారు. తర్వాత సుబ్బుల్ని దగ్గర కూర్చోబెట్టుకుని తానే విడమరిచి చెప్పారు. దానికి తన డబ్బులతో స్టీలు బిందె కొనిపెట్టారు. మర్నాడు పొద్దున చేతికర్ర పట్టుకుని బయలుదేరారు.

"ఎక్కడికి అత్తయ్యా?"

"ఆ రోజు వాడిచేత మాట్లు వేయించింది నేనొక్కదాన్నేనా? ఈ వీధిలో నాలుగిళ్ళవాళ్ళు వేయించారు. నాకు గుర్తే."

అమెరికాలో ఫ్లింట్ అనే వూరి కథ నేనెప్పుడో చదివాను. 2014లో ఖర్చు కలిసొస్తుందని ఆ వూరి నీళ్ళను నదికి మార్చారు. గొట్టాలను నీరు తినేయకుండా కలపవలసిన మందు కలపలేదు. పాత గొట్టాల్లోని సీసం నీళ్ళలోకి దిగింది. రంగు మారిన నీళ్ళు పట్టుకుని జనం వెళ్తే, ఏం ఫరవాలేదు పొమ్మన్నారు అధికారులు. 2015లో మోనా హన్నా అటీషా అనే పిల్లల డాక్టరు, పసివాళ్ళ రక్తంలో సీసం పెరిగిందని లెక్కలతో సహా చూపించాక గాని వొప్పుకోలేదు. అది చదివినప్పుడు వాళ్ళని ఎంత తిట్టుకున్నానో! ఇప్పుడు తిట్టబోతే నోరు రావడం లేదు. వాళ్ళు పరువు కోసం దాచారు, నేను ప్రేమ కోసం దాచాను. ఆ నీళ్ళు తాగేవాళ్ళకి అందులో తేడా ఏముంటుంది?

ఇంకా నిజం చెప్పాలంటే, అది అచ్చంగా ప్రేమ కూడా కాదు. ఆవిడ ఏడిస్తే చూడవలసి వస్తుందని నా భయం. తెలియనంతవరకు అందరం అమాయకులమే. తెలిసిన క్షణం నుంచి ఆ బిందె బరువు నా చంకలోదే. అటక మీద పెట్టినంత మాత్రాన అది దిగదు.

అత్తగారు ఆ నాలుగిళ్ళకీ వెళ్ళొచ్చారు. ఒకావిడ ముఖం మాడ్చుకుందిట. ఇంకో ఇంట్లో బాలింత వుందిట, మనవరాలి చేత అప్పటికప్పుడు బిందె బోర్లా పెట్టించారుట. కాళ్ళు నొప్పులని పడుకుని, రాత్రి భోజనాల వేళ మావారితో అన్నారు: "చిన్నాడికి ఫోన్ చెయ్యరా. లెక్కలు రాకపోతే పోయాయి, సెలవలకి రమ్మను."