చూడటమూ ఒక పనే

మొన్న మా ఆదివారం అధ్యయన తరగతికి ఇంటర్ చదివే అమ్మాయి ఒకతె ‘ది హంగర్ గేమ్స్’ నవల పట్టుకొచ్చింది. అమెరికా రచయిత్రి సుజాన్ కాలిన్స్ కౌమార వయసు పాఠకుల కోసం రాసిన ఆ థ్రిల్లర్ 2008లో వచ్చింది. పనెమ్ అనే ఊహా దేశంలో 12 జిల్లాలు. ఏటా ఒక్కో జిల్లా నుంచి ఒక అబ్బాయిని, ఒక అమ్మాయిని చీటీ తీసి పట్టుకుపోతారు. ఆ 24 మంది పిల్లలు ఒకరినొకరు చంపుకోవాలి, చివరికి ఒక్కరే మిగలాలి. రాజధాని జనం దాన్ని టీవీలో పండగలా చూస్తారు. ముచ్చటపడిన పిల్లలకు తిండీ మందులూ కానుకగా పంపుతారు కూడా. ఒక రాత్రి రియాలిటీ షోకూ ఇరాక్ యుద్ధ దృశ్యాలకూ మధ్య చానెళ్లు తిప్పుతుంటే ఈ కథ తట్టిందని రచయిత్రే చెప్పారు.

“మన దేశంలో ఇంత ఘోరం లేదులే” అన్నారు ఒక పెద్దాయన. చాలామందిమి తలూపాం. మాలో అండమాన్ చూసొచ్చిన ముగ్గురు మాత్రం కాసేపు ఏమీ మాట్లాడలేదు.

అండమాన్ తెలుగువాళ్లకు మరీ దూరం కాదు. విశాఖ నుంచి ఓడ వెళ్తుంది. ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్న పోర్ట్ బ్లెయిర్ బజారులో తెలుగు వినిపిస్తుంది. శ్రీకాకుళం తీరం నుంచి పోయి అక్కడే స్థిరపడిన కుటుంబాలున్నాయి. అక్కడికి వెళ్లిన వాళ్లు సున్నపురాయి గుహలు చూడాలని బారాటాంగ్ బయల్దేరతారు. జిర్కాటాంగ్ చెక్‌పోస్ట్ దగ్గర బళ్లన్నీ వరసగా ఆగి, ఒకేసారి కదులుతాయి. అక్కడి నుంచి దారి జారవాల అడవిలో నుంచే. బండి ఆపొద్దు, ఫొటోలు తీయొద్దు, తిండి ఇవ్వొద్దు అని నిబంధనలు.

మా బండి డ్రైవరు “అదృష్టముంటే కనిపిస్తారు” అన్నాడు. పులుల గురించి అనే మాట అది. మాకు తప్పుగా వినిపించలేదు. అందరం కిటికీకి అతుక్కుపోయాం. ఆ రోజు ఎవరూ కనిపించలేదు. గుహలు చూసి వచ్చాక మాకు గుర్తున్నది గుహలు కాదు, కనిపించలేదన్న నిరాశ. తరగతిలో ఈ సంగతి బయటపెట్టడానికి మాకు ధైర్యం చాలా ఆలస్యంగా వచ్చింది.

జారవాలు అంతా కలిపి కొన్ని వందల మందే. 1998 ప్రాంతంలో తమంతట తామే అడవి దాటి బయటికి రావడం మొదలుపెట్టారు. మరుసటి ఏడాదే తట్టు సోకింది. వాళ్ల అడవిలో ఆ రోడ్డును మూసేయమని సుప్రీంకోర్టు 2002లో చెప్పింది. రోడ్డు నడుస్తూనే ఉంది. 2012 జనవరిలో లండన్ పత్రిక ‘అబ్జర్వర్’ ఒక వీడియో బయటపెట్టింది. ఒంటిమీద సరిగా బట్టలు లేని జారవా ఆడపిల్లలు, వాళ్లను డాన్సు చేయమంటున్న గొంతు. సందర్శకులు అరటిపళ్లు, బిస్కెట్లు విసిరేవారని రాశారు. ఆ తర్వాత చట్టంలో శిక్షలు కఠినం చేశారు. (ఆదిమ తెగల రక్షణకు అండమాన్‌లో చట్టం వచ్చింది 1956లో. బాబాసాహెబ్ నాగపూర్‌లో దీక్ష తీసుకున్నదీ ఆ ఏడాదే.) వీడియో వచ్చిన రెండు నెలలకు ‘హంగర్ గేమ్స్’ సినిమాగా విడుదలైంది. పిల్లల చావును వినోదంగా చూసే జనాన్ని ఎత్తిపొడిచిన కథను మనం టికెట్టు కొని వినోదంగా చూశాం.

సంయుత్త నికాయంలో తాలపుటుడనే నటబృంద నాయకుడు కనిపిస్తాడు. జనాన్ని నవ్వించి మురిపించే నటుడు చనిపోయాక నవ్వే దేవతల మధ్య పుడతాడని మా పాత గురువులు చెప్పారు, నిజమేనా అని బుద్ధుణ్ణి అడుగుతాడు. ఆ ప్రశ్న అడగవద్దని బుద్ధుడు రెండుసార్లు వారిస్తాడు. మూడోసారి చెబుతాడు: రాగద్వేషమోహాల నుంచి ఇంకా బయటపడని జనానికి వాటినే మరింత ఎగదోసేవాడు, తానూ మత్తులో ఉండి ఇతరులనూ మత్తులో ముంచేవాడు నరకానికే పోతాడని. మనం నరకాన్ని చచ్చాక పోయే లోకంగా తీసుకోం. మాకు ముఖ్యమనిపించింది ఆ జవాబులో ప్రేక్షకుడు ఉండటం. వాడు శుద్ధుడేమీ కాదు, రగులుకోవడానికి సిద్ధంగా కూర్చున్నవాడు. బిస్కెట్టు విసిరే చెయ్యి ఒకటే కావచ్చు, దాని వెనక కిటికీలు ఎన్నో.

అయితే చూడటమే తప్పా? ఈ ప్రశ్న దగ్గర మా తరగతి చీలిపోయింది. 2016 జూలైలో గుజరాత్‌లోని ఉనాలో, చచ్చిన ఆవు తోలు తీస్తున్న మనవాళ్లను కారుకు కట్టి కొట్టినవాళ్లు ఆ వీడియోను తామే తీసి, గొప్పగా పంచుకున్నారు. కొట్టినవాళ్లకు అది ఆట. మనకు అదే సాక్ష్యమైంది. చూశాం కాబట్టే వీధుల్లోకి వచ్చాం. దెబ్బలు తిన్న ఆ కుటుంబం 2018 ఏప్రిల్‌లో ధమ్మం స్వీకరించింది. కన్ను మూసుకోవడం శీలమైతే ఉనా ఎవరికీ తెలిసేది కాదు. జారవా పిల్లల వీడియో కూడా అంతే గదా అని ఒకరు వాదించారు. కొంత నిజమే. కానీ అదే వీడియోను మన చానెళ్లు మళ్లీ మళ్లీ తిప్పినప్పుడు అది సాక్ష్యంగా ఎంతసేపు మిగిలింది?

తిరునల్వేలిలో పురద వణ్ణార్లు పగటిపూట ఎవరి కంటా పడకూడదనే కట్టుబాటు ఉండేదని బాబాసాహెబ్ నమోదు చేశారు. అక్కడ మనిషిని చూడటమే మైల. జిర్కాటాంగ్ దాటాక మనిషిని చూడటం అదృష్టం. రెండు చోట్లా ఆ మనిషిని ఎవరూ అడగలేదు.

అడగకుండానే జవాబు చెప్పినవాళ్లు ఉత్తర సెంటినెల్ దీవివాళ్లు. దగ్గరికొచ్చే పడవల మీద బాణాలు వేస్తారు. 2025 మార్చిలో ఒక అమెరికా యువకుడు కెమెరా వెంటబెట్టుకుని ఆ ఒడ్డుకు చేరాడు. ఈల ఊదాడు, ఎవరూ రాలేదు. ఒక కోలా డబ్బా, ఒక కొబ్బరికాయ అక్కడ పెట్టి, వీడియో తీసుకుని తిరిగొచ్చాడు. పోలీసులు అరెస్టు చేశారు.

మా తరగతిలోని ఒక సభ్యుడు డిసెంబరులో కుటుంబంతో అండమాన్ వెళ్తున్నారు. ఆ సాయంత్రమే ట్రావెల్ ఏజెంటుకు ఫోన్ చేసి బారాటాంగ్ తీసేయమన్నారు. ధర తగ్గదన్నాడట. సరే అన్నారు.