పెరటాసి నెల తమిళం

గోవిందరాజస్వామి గుడి దగ్గర గాజులంగడి. అత్తకు అరవై దాటింది, బడి గడప తొక్కలేదు. మేనకోడలు నర్సు. జర్మనీలో ఉద్యోగం కావాలంటే జర్మన్ బీ2 స్థాయి దాకా రావాలి, ముప్పై రెండేళ్లకు మళ్లీ పలకాబలపం పట్టింది. ఇద్దరూ నేను కల్పించిన మనుషులే. ఇట్లాంటి అత్తలు మాత్రం తిరుపతి అంగళ్లలో కల్పితం కాదు.

"నీకు తమిళం ఎవురు నేర్పించినారత్తా?"

"ఎవురు నేర్పిస్తారు? మాది పీలేరు పక్క, పెండ్లయి ఈడికొచ్చేదాకా ఒక్క ముక్క రాదు. పెరటాసి నెలొస్తే తమిళోళ్లు ఇసకేస్తే రాలనంత మంది. బేరం పోతాదని నోరు తెరిచినా."

"తప్పులు మాట్లాడితే నవ్వరా?"

"నవ్వుతారు. నవ్వినోళ్లే సరిగ్గా చెప్పిపోతారు. ఆ మాటనే ఇంకొకామె దగ్గిర వాడతా."

"అంటే పిల్లల మాదిరి! నాకు మాత్రం ఆ వయసు దాటిపోయింది. 2018లో దగ్గిరదగ్గిర 6 లక్షల 70 వేల మందిని పరీక్షించి చూస్తే, వ్యాకరణం పట్టే శక్తి పదిహేడేళ్ల దాకా నిలిచి, ఆపైన తగ్గుతాదని తేలిందంట."

"నేను పదిహేడు దాటినాకే నేర్చినా."

"అదీ నిజమే. 1978లో వచ్చిన ఇంకో పరిశోధన నీ పక్కే మాట్లాడతాది. హాలండుకు పోయిన ఇంగ్లీషోళ్లలో డచ్చి భాష మొదట్లో బాగా పట్టింది పన్నెండు, పదిహేనేళ్ల మధ్య పిల్లలకూ పెద్దోళ్లకూ. వెనకబడింది మూడు నుంచి ఐదేళ్ల పసోళ్లు."

"బిడ్డకేం తొందర? ఏడాది దాకా మాట రాకపోయినా ఎవురూ పరీక్ష పెట్టరు. 'అత్త' అనబోయి 'తత్త' అంటే ఇల్లంతా సంబరం. నువ్వు తప్పు మాట్లాడితే సంబరపడేదానికి ఎవురుండారు?"

ఇక్కడ నేను అత్త పక్షం. 2003లో అమెరికాలో తొమ్మిది నెలల పసిబిడ్డలకు చైనా భాష వినిపించారు. ఎదురుగా కూర్చుని ఆడిస్తూ మాట్లాడితే ఆ భాష ధ్వనుల తేడాలు పట్టుకున్నారు. అవే మాటలు టీవీలో చూపిస్తే ఏమీ పట్టుకోలేదు. ఫోన్లో పాఠాలు వింటూ బస్సెక్కే పెద్దవాళ్లకు ఈ సంగతి కొంచెం గుచ్చుకోవాలి. పసిబిడ్డకే మనిషి కావలసి వచ్చింది.

మేనకోడలు ఊరుకునే రకం కాదు.

"ఒకటడుగుతా, కోపం చేసుకోవద్దు. అంగట్లో ఒక తమిళామె ఉన్నట్టుండి ఏడిస్తే ఏమంటావు?"

అత్త చేతిలో గాజుల్ని రెండుసార్లు ఎంచింది.

"తెలుగులోనే 'ఏడవొద్దు తల్లీ' అంటా. సైజు, ధర, డజను, అంతవరకే నా తమిళం. ముప్పై ఏండ్లయినా దాన్ని దాటి పోలా."

"నాకు కావాల్సింది ఆ దాటినాక ఉండేదే. నొప్పి ఎక్కడ, ఎప్పటినుంచి, భయపడొద్దు. డోసు ఒకటి చెప్తే ఇంకొకటి అనుకుంటే ఎట్ల?"

"బిడ్డకు ఆకలీ అలకా ఏడుపూ అన్నీ ఒక్క భాషలోనే. నాకు తమిళంలో బేరమొకటే, తక్కిందంతా ఇంట్లో తెలుగు. అది పెరగమంటే ఎట్ల పెరుగుతాది? నగరి పక్కనుంచి తిరుత్తణికి కోడళ్లుగా పోయినోళ్లను చూడు."

తిరుత్తణి 1960లో మద్రాసు రాష్ట్రంలో కలిసింది. సంబంధాలు కలుపుకునేవాళ్లు ఆ సరిహద్దు గీతను పెద్దగా పట్టించుకోలేదు.

"వాళ్లకు తమిళంలో అత్తతో కొట్లాట, మొగుడితో అలక, బిడ్డకు జోల. తప్పించుకుని తెలుగులోకి పారిపోదామంటే ఆ ఇంట్లో వినేవాళ్లు లేరు."

"అయితే క్లాసు మానేయనా?"

"మానొద్దు. ఆ వ్యాకరణం పట్టికలు అర్థం చేసుకునే బుర్ర నీకుండాది, బిడ్డకు లేదు. దాన్నెందుకు పారేసుకోవాల? కాకపోతే ఆ భాషలో ఎవురితోనన్నా కొట్లాడు. ముందు మీ పంతులమ్మతో ఫీజు బేరమాడు."

"జర్మనీ వాళ్లు బేరాలకు ఒప్పుకోరంటత్తా."

"ఒప్పుకోకపోతేనే కదే, నాలుగు మాటలెక్కువ మాట్లాడాల్సొచ్చేది!"