హాగరును ఎవరడిగిరి?



పెండ్లియై అయిదారేండ్లు గడచినను ఒడి నిండని స్త్రీ మన ఆత్మకూరు చుట్టుపట్ల పల్లెలలో ఎన్ని మాటలు పడునో మీరెరుగుదురు. శ్రీమంతమునకు పిలువరు, "గొడ్రాలు" అని ఎదుటనే అందురు. హన్నాయు రాహేలును ఈ దుఃఖము ననుభవించిరి. కాబట్టి బిడ్డ కొరకు ఆసుపత్రుల చుట్టు తిరుగు దంపతులను తప్పుపట్టుటకు మనము తొందరపడకూడదు.

అట్టివారికి ఇప్పుడు అద్దె గర్భమను మార్గమొకటి యున్నది. ప్రయోగశాలలో ఏర్పడిన పిండమును వేరొక స్త్రీ గర్భములో ఉంచుదురు. ఆమె మోసి, కని, బిడ్డను ఆ దంపతులకు అప్పగించును. హైదరాబాదులో ఇది చాలకాలము వ్యాపారముగా సాగెను. బీద స్త్రీలు అప్పులు తీర్చుటకై ఒప్పుకొనిరి. 2021వ సంవత్సరపు చట్టము 2022 జనవరి 25 నుండి అమలులోనికి వచ్చి ఆ వ్యాపారమును నిషేధించెను. మోయు స్త్రీకి వైద్యపు ఖర్చులు, బీమా మొదలైనవి తప్ప ప్రతిఫలమియ్యరాదు. ఆమె పెండ్లియై, స్వంత బిడ్డ గలదై, 25 మొదలు 35 ఏండ్ల లోపుదై యుండవలెను. జీవితములో ఒక్కసారి మాత్రమే మోయవలెను. అయినను మోసము ఆగలేదు. 2025 జూలైలో సికింద్రాబాదులో, అద్దె గర్భమున పుట్టినదని చెప్పి ఇచ్చిన బిడ్డ తమది కాదని డి.ఎన్.ఏ. పరీక్షవలన ఒక దంపతులకు తెలిసెను. ఆ బిడ్డను బీద తలిదండ్రులయొద్ద కొనిరని పోలీసులు చెప్పిరి.

మరి సొమ్ము లేకుండినంత మాత్రమున అంతయు న్యాయమగునా? ఆదికాండము 16వ అధ్యాయము చదువుడి. హాగరుకు ఎవరును కూలి ఇయ్యలేదు. ఆమె ఆ ఇంటి దాసియే. శారయి తలంచెను, అబ్రాము వినెను. హాగరును అడిగినట్లు ఎక్కడను వ్రాయబడలేదు. వారిద్దరును ఆమెను దాసి అనిరే గాని పేరుపెట్టి పిలువలేదు. గర్భవతియై అరణ్యమునకు పారిపోయినప్పుడు, నీటిబుగ్గయొద్ద యెహోవా దూత మొదట ఆమెను పేరుపెట్టి పిలిచెను. ఎక్కడనుండి వచ్చితివి, ఎక్కడికి పోవుచున్నావని అడిగెను. ఆ కథ అంతటిలో ఆమెను ఒకరు అడిగిన మొదటి ప్రశ్న అదియే. దూత ఆమెను తిరిగి పొమ్మనెను. అయినను సంతతిని గూర్చిన వాగ్దానము ఆమెకే చేసెను.

మన ఇండ్లలోను హాగరు ఉండవచ్చును. అత్త చిన్నకోడలిని పిలిచి, "మీ అక్క కోసము ఒక్క కానుపు ఓర్చుకో, బిడ్డా" అనినయెడల, బావగారి పొలము మీద బ్రదుకు ఆ పిల్ల ఏమని కాదనును? పిండమును గర్భములో ఉంచకమునుపు సమ్మతిని వెనుకకు తీసికొను హక్కు చట్టము ఆమెకిచ్చియున్నది. కాని ఇంటిలో నోరు తెరువలేని ఆమెకు ఆ హక్కు ఎట్లు అక్కరకు వచ్చును? వద్దనుటకు వీలులేనిచోట సరే అను మాట సమ్మతి కాదు.

కావున సంఘ పెద్దలారా, ఇట్టి ఆలోచన మీయొద్దకు వచ్చినప్పుడు ఆ మోయబోవు స్త్రీని అత్తయు భర్తయు లేనిచోట, ఒక నమ్మకమైన సహోదరిచేత అడిగించుడి. ఆమె వద్దనిన అంతటితో విడిచిపెట్టుడి. ఆ మాట బయటికి పొక్కనియ్యకుడి. తల్లులారా, "గొడ్రాలు" అను మాటను మీ నోట రానియ్యకుడి. ఆ మాటకు వెరచియే అనేకులు తమ కన్నీరు తుడుచుకొనుటకు వేరొకతె కన్నీటిని చూడక పోవుచున్నారు. దేవుడు శారయిని చూచెను. హాగరును కూడ చూచెను. మనమును ఇద్దరిని చూడవలెను.