పదివేలలో ఒక వంతు

ఒక కీడులో నా పాలు పదివేలలో ఒక వంతు మాత్రమే అయితే, ఆ వంతుకు లెక్క రాసి చూపవలసిన బాధ్యత నాకుందా? ఈ వారం ఈ ప్రశ్న మీ ముందు ఉంచాలని ఉంది. ఇది తీరిక వేళ అల్లిన ప్రశ్న కాదు. ఒక చిన్న దేశం దీనికి ఏళ్ళ తరబడి జవాబు చెబుతూనే ఉంది.

ఆ దేశం మారిషస్. హిందూ మహాసముద్రంలో 2,040 చదరపు కిలోమీటర్ల దీవి దేశం. మన పాత అనంతపురం జిల్లాలో తొమ్మిదో వంతుకు కూడా రాదు. జనం పన్నెండున్నర లక్షల పైచిలుకు. అక్కడి చెరకు తోటల్లో కూలికి 1830ల నుంచి మన తెలుగువాళ్ళు కాకినాడ దగ్గరి కోరంగి రేవులో ఓడలెక్కి వెళ్ళారు. ఉగాది ఈనాటికీ అక్కడ ప్రభుత్వ సెలవు దినం. మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో జరిగింది అక్కడే. 2019 సెప్టెంబరు 9న జగద్గురువులు ఫ్రాన్సిస్ గారు ఆ దీవికి వెళ్ళిన సంగతి మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది.

భూమిని వేడెక్కించే వాయువులు, అంటే బొగ్గుపులుసు వాయువు, మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ మొదలైనవి, ప్రపంచమంతా కలిసి ఎంత వదులుతుందో అందులో మారిషస్ పాలు సుమారు 0.01 శాతం. అంటే పదివేలలో ఒక వంతు. సముద్రం మీదికి వస్తే మాత్రం ఆ దీవి వంతు అంత తక్కువేమీ కాదు. తీరం కోసుకుపోతుంది, తుఫాను వచ్చిందంటే పారిపోవడానికి పక్క జిల్లా లేదు. అయినా 1992లో ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల ఒడంబడిక సిద్ధం కాగానే, సెప్టెంబరు 4న దాన్ని అన్ని దేశాలకంటే ముందు ధ్రువీకరించింది మారిషస్. ఆ ఒడంబడికలో ఒక షరతు ఉంది. చేరిన ప్రతి దేశమూ తన నేల మీద పుట్టిన వాయువుల పద్దు తయారుచేసి లోకానికి చూపాలి. పెద్ద దేశం, చిన్న దేశం అన్న తేడా లేదు.

పద్దు రాసే పద్ధతి ఇంటి లెక్కకు మరీ దూరమేమీ కాదు. ఎంత కాలింది, ఒక టన్ను కాలితే ఎంత వాయువు పుడుతుంది, ఈ రెండిటినీ గుణించడమే. పెట్రోలు, డీజిలు విషయంలో దీవికి ఒక సుళువుంది. సొంత చమురు లేదు కనుక ప్రతి చుక్కా పోర్ట్ లూయీ రేవులో దిగాల్సిందే, సుంకం పుస్తకాల్లోకి ఎక్కాల్సిందే. చిక్కు మిగతావాటితో వస్తుంది. గానుగ కాలంలో చక్కెర మిల్లులు చెరకు పిప్పి కాల్చి కరెంటు తీస్తాయి. ఆ పొగలోని బొగ్గుపులుసు వాయువు చెరకు మొక్క గాలిలోంచి తీసుకున్నదే కనుక దాన్ని మొత్తంలో కలపరు. కానీ పక్కన ఒక వరుసలో విడిగా రాసి తీరాలి. మాంసానికి పెంచే దుప్పులు కూడా పద్దులోకి వస్తాయి. నెమరు వేసే జంతువు కడుపులో మీథేన్ పుడుతుంది. దుప్పికైతే ఏడాదికి తలకు 20 కిలోలని ఐపీసీసీ అనే శాస్త్రజ్ఞుల సంఘం ఒక సాధారణ కొలత ఇచ్చింది.

అన్నిటికంటే కష్టం చెత్త. ఇవాళ పూడ్చిన చెత్త దశాబ్దాల పాటు కుళ్ళుతూ మీథేన్ వదులుతూనే ఉంటుంది. అందుచేత ఈ ఏటి లెక్క కట్టాలంటే కనీసం యాభై ఏళ్ళ వెనకటి చెత్త తెలియాలంటారు. మారిషస్‌లో చెత్తను పద్ధతిగా పూడ్చే స్థలం ఒక్కటే, మార్ షికోజ్. అది తెరిచింది 1997లో. అంతకు ముందు కాలానికి జనాభానుబట్టి, బతుకు తీరునుబట్టి వెనక్కి లెక్కించుకుంటూ పోవాలి. కొలత మారితే పాత పద్దులన్నీ మళ్ళీ తిరగరాయాలి కూడా. మీథేన్ వేడి బొగ్గుపులుసు వాయువుకంటే 21 రెట్లని ఒకప్పుడు అన్నారు, తరువాత 25 అన్నారు, ఆ తరువాత 28 అన్నారు. మారినప్పుడల్లా వెనకటి ఏళ్ళ అంకెలు కూడా సరిచేయాలి. లేకపోతే ఏడాదికీ ఏడాదికీ పోలిక కుదరదు.

ఈ పద్దులో నన్ను అన్నిటికంటే ఆలోచింపజేసింది ఒక చిన్న నియమం. ఏ గడీ ఖాళీగా వదలకూడదు. సంఖ్య లేనిచోట ఎందుకు లేదో గుర్తు పెట్టాలి. ఆ పని మా దేశంలో జరగనే జరగదు అంటే ఒక గుర్తు. జరుగుతుంది గాని మేము అంచనా కట్టలేదు అంటే వేరొక గుర్తు. మరో పద్దులో కలిపి రాశాం అంటే ఇంకొకటి. చూశారా! 'లేదు' అన్న మాటకూ 'లెక్క కట్టలేదు' అన్న మాటకూ మధ్య ఎంత దూరముందో. మనం మాట్లాడుకునేటప్పుడు ఈ రెండిటినీ ఎంత సులువుగా ఒకటి చేసేస్తాం! మా ఊళ్ళో వరకట్నం బాధ లేదండీ అంటాం. ఎవరినైనా అడిగి చూశామా? మా విచారణలో ఆకలితో పడుకునే ఇల్లు లేదంటాం. ప్రతి గడపా తొక్కి చూశాకా, చూడకముందా? ఖాళీ గడి చూసేవారికి సున్నాలాగానే కనబడుతుంది. అంచనా కట్టలేదని గుర్తు పెట్టిన గడి మాత్రం వచ్చే ఏటికి ఒక పనిని మిగిల్చి పెడుతుంది. పైగా రాసిన ప్రతి సంఖ్య పక్కనా అది ఎంతమేరకు అటూ ఇటూ కావచ్చో కూడా చెప్పాలి. కావాలని పెంచకూడదు, కావాలని తగ్గించకూడదు, తెలిసినంతవరకు చెప్పాలి.

ఇక్కడ మీలో ఒకరు లేచి అడుగుతారని నాకు తెలుసు. "ఫాదరుగారూ, పొగ పెట్టేది పెద్ద పెద్ద దేశాలు. మునిగేది ఆ దీవి. మునిగేవాణ్ణి పట్టుకుని నీ పొయ్యిలో పుల్లలెన్ని అని అడగడం ఏం న్యాయం?" ఈ ఆక్షేపణ గట్టిది. జగద్గురువులు ఫ్రాన్సిస్ గారు 2015లో వెలువరించిన 'లౌదాతో సీ' విశ్వలేఖలో సంపన్న దేశాలు పేద దేశాలకు పర్యావరణ రీత్యా బాకీపడి ఉన్నాయని స్పష్టంగానే చెప్పారు. చిన్న దేశంలో ఈ పద్దు రాయగల ఉద్యోగులు వేళ్ళ మీద లెక్కించదగినంత మంది. వారిలో ఒకరు బదిలీ అయితే ఆ పని ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. 2015 పారిస్ ఒప్పందం కింద రెండేళ్ళకొకసారి ఇవ్వవలసిన కొత్త తరహా నివేదికకు తొలి గడువు 2024 డిసెంబరు 31. చిన్న దీవి దేశాలూ అతి వెనకబడిన దేశాలూ మాత్రం తమ వీలునుబట్టి ఇవ్వవచ్చునని వెసులుబాటు కల్పించారు. అది న్యాయమైన వెసులుబాటే.

కొందరు మరో జవాబు చెబుతారు. చిన్న దేశం తన పద్దు చూపితేనే పెద్దవాళ్ళను నిలదీసే హక్కు వస్తుందట. ఈ వాదన నాకు నచ్చదు. మునిగేవాడికి తాడు వేయడానికి ముందు చిట్టా అడగడం ధర్మం కాదు. పసిఫిక్ దీవి దేశమైన వనువాటు ముందు నిలిచి ఐక్యరాజ్యసమితి చేత ప్రశ్న వేయించగా, వాతావరణాన్ని కాపాడే బాధ్యత చట్టరీత్యా దేశాలపై ఉందని అంతర్జాతీయ న్యాయస్థానం 2025 జులై 23న ఏకగ్రీవంగా అభిప్రాయం చెప్పింది. ఆ హక్కు వనువాటు పద్దు పుస్తకంలోంచి పుట్టలేదు.

మరి లెక్క ఎందుకు? సెమినరీలో తత్వశాస్త్రం చెప్పేటప్పుడు గ్రీకుల కుప్ప సమస్య ఒకటి చెబుతారు. మిలేతు పట్టణపు యూబులిదేసు వేసిన చిక్కుముడి అంటారు. మన భాషలో చెప్పుకుందాం. కల్లంలో చెనిక్కాయల కుప్ప ఉంది. ఒక కాయ తీశారు. కుప్ప కుప్పగానే ఉంది. ఇంకొకటి తీశారు. ఒక్క కాయతో కుప్ప చెదరదు గదా అనుకుంటూ తీస్తూనే పోతే సాయంత్రానికి ఉత్త నేల మిగులుతుంది. కాయ తీసిన ఏ ఒక్కరూ కుప్పను తీయలేదు!

దీన్ని మన దగ్గరికి తెచ్చి చూడండి. 2024 డిసెంబరు చివర మన దేశం సమర్పించిన నివేదిక ప్రకారం 2020లో మన వాయువులు, అడవులు పీల్చుకున్నది తీసివేయకముందు, 295.9 కోట్ల టన్నులు. (అడవులు పీల్చుకున్నది తీసివేశాక చూస్తే ముందటేడుకంటే 7.93 శాతం తగ్గాయి. ఆ పుణ్యం చాలావరకు కరోనా తలుపులు మూయించినందుకే దక్కుతుంది.) మారిషస్ పద్దు ఏడాదికి సుమారు 50 లక్షల టన్నులు, కాస్త అటూ ఇటూ. అంటే మన దేశం దాదాపు ఆరు వందల మారిషస్‌లు. మన దేశంలో జిల్లాలు ఏడు వందల యాభైకి పైన. 2022లో ఏర్పడిన మన శ్రీ సత్యసాయి జిల్లాలో 2011 జనాభా లెక్కల ప్రకారం 18 లక్షల పైచిలుకు జనం. తలకు రెండు టన్నుల దేశ సగటు వేసుకుంటే జిల్లా పాలు నలభై లక్షల టన్నుల దాకా వస్తుంది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, కదిరి, పుట్టపర్తి కలిపి ఒక దీవి అనుకోండి. మారిషస్‌కు కొంచెం తక్కువ, అంతే. చైనానైనా, అమెరికానైనా ఇలాగే ముక్కలు చేయవచ్చు. ప్రపంచాన్ని పదివేల ముక్కలు చేస్తే ప్రతి ముక్కా నా పాలు పదివేలలో ఒక వంతే అని చెప్పుకోగలదు. అప్పుడు పొగ పెట్టినవాడే లేడు, ఆకాశం నిండా పొగ ఉంది.

భాగహారంలో ఇంకొక మాయ ఉంది. మొత్తం చూస్తే మారిషస్‌ది చాలా చిన్న పాలు. తలకింత అని పంచితే అక్కడి మనిషి వాటా సుమారు నాలుగు టన్నులు, మన మనిషికి రెట్టింపు. కనుక దీవికి మొత్తం లెక్క ఇష్టం, మనకు తలసరి లెక్క ఇష్టం. సంపన్న దేశం సంపాదించిన ప్రతి డాలరుకూ ఎంత పొగ అని లెక్కించి, చూడండి ఎంత తగ్గించామో అంటుంది. నూట యాభై ఏళ్ళ పాత బొగ్గు సంగతి ఎత్తదు. వీటిలో ఏ సంఖ్యా అబద్ధం కాదు. తనకు అనువైన భాగహారం ఒక్కటే చూపి తక్కినవి దాచడంలో అబద్ధం ఉంది. భాగించకముందు ఉండే మొత్తాన్ని పద్దు బయటపెడుతుంది. ఆ తరువాత ఎవరు దేనితో భాగించుకున్నా అందరి కళ్ళముందే జరుగుతుంది.

పాపసంకీర్తనానికి పిల్లలను సిద్ధం చేసేటప్పుడు మొదట నేర్పేదేమిటి? నీది నువ్వు చెప్పు, తమ్ముడిది చెప్పకు అని. తమ్ముడు చేసింది పెద్దదే కావచ్చు. ఎంత అనేది రెండో ప్రశ్న. ఎవరిది అనేది మొదటి ప్రశ్న, దానికి పరిమాణంతో పని లేదు. అయితే ఒక్క జాగ్రత్త. పద్దు పాపసంకీర్తనం కాదు. లెక్క అప్పజెప్పడం వేరు, నేరం ఒప్పుకోవడం వేరు. వంట కోసం పొయ్యి వెలిగించినవాడు దోషి కాడు. కానీ ఆ పొగ తన ఇంటిదేనని అతడు చెప్పగలగాలి.

ఎవరిదీ కాని పొగ ఏమవుతుందో చూడండి. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. తయారీలో ఇక్కడ కాలినది మన దేశపు పద్దు. అదే కారు పరాయి దేశం చేరితే అక్కడ తాగే పెట్రోలు ఆ దేశపు పద్దు. మారిషస్ చక్కెరదీ ఇదే కథ. చెరకు మడిలో చల్లిన ఎరువు నుంచి లేచే వాయువు దీవి ఖాతాలోకి పోతుంది, చక్కెర ఐరోపా టీ కప్పుల్లో కరుగుతుంది. తీపి వాళ్ళది, పద్దు వీళ్ళది. సరే, ఏదో ఒక ఖాతా అంటూ ఉంది. కారునూ చక్కెరనూ మోసే ఓడ సంగతి? దేశాల మధ్య తిరిగే ఓడలు, విమానాలు కాల్చే ఇంధనం ఏ దేశపు మొత్తంలోనూ కలవదు. నింపిన దేశం దాన్ని విడిగా ఒక పక్కన రాసి ఊరుకుంటుంది. 2020 జులై 25న వకాషియో అనే ఓడ మారిషస్ పగడపు దిబ్బ మీదికెక్కింది. యజమానులు జపానువారు, జెండా పనామాది, ప్రయాణం ఆసియా నుంచి బ్రెజిలుకు. ఆగస్టులో దాని కడుపు పగిలి సుమారు వెయ్యి టన్నుల చమురు దీవి మడుగుల్లోకి పారింది. జనం చెరకు ఆకు గుడ్డసంచుల్లో కూరి, తెప్పలు కట్టి, చేతులతో అడ్డుకట్ట వేశారు. ఆ చమురు కారకుండా అనుకున్నట్లు దారిలో కాలిపోయి ఉంటే? ఆ పొగ ఏ దేశపు మొత్తంలోకీ ఎక్కేది కాదు.

మార్ షికోజ్ చెత్తదిబ్బ దగ్గర 2011 నుంచి ఆ మీథేన్‌ను గొట్టాలతో లాగి కరెంటు తీస్తున్నారు. అటువంటి యంత్రం ఎంత పెద్దది కొనాలో, ఎన్నేళ్ళు నడుస్తుందో తేల్చాలంటే, ఎవరో ఒకరు దిబ్బ మీద నిలబడి, ముప్ఫై నలభై ఏళ్ళ వెనక ఆ దీవిలో ఇంటింటా ఏం తిన్నారో, ఏం పారేశారో ముందుగా లెక్క కట్టవలసిందే గదా.