చెవికి తలుపు లేదు



కంటికి రెప్ప నిచ్చిన దేవుడు చెవికి తలుపు పెట్టలేదు. చూడనొల్లనిదానికి కన్ను మూసికొనవచ్చును గాని, విననొల్లనిదానిని వినక తప్పదు. నిద్రలో సయితము చెవి మేలుకొనియే యుండును. పెద్ద మోత వినబడినప్పుడు పండుకొన్నవాడు లేవకపోయినను వాని గుండె త్వరగా కొట్టుకొనును, రక్తపుపోటు హెచ్చును. ఏండ్ల తరబడి ఇట్లు జరిగినయెడల గుండెజబ్బు రావచ్చునని వైద్యులు చెప్పుచున్నారు.

హైదరాబాదు చెంతనున్న బాచుపల్లిని చూడుడి. ఒకప్పుడది మన ఊరివంటి పల్లెయే. 2016లో మండల కేంద్రమైనది; 2019లో నిజాంపేట నగరపాలక సంస్థలో చేరినది. నేడచ్చట మియాపూరు రోడ్డున బండ్ల హారనులు, మేడలు కట్టు యంత్రముల రొద. పట్టణమును తప్పుపట్టుట సులభమే. మన గుడి మైకు మాటేమి?

మద్రాసులో ‘చర్చ్ ఆఫ్ గాడ్’ అను సంఘమువారు మైకులతో ఆరాధించుచుండగా చుట్టుపట్ల కాలనీవారు కోర్టుకెక్కిరి. 2000 ఆగస్టు 30న సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, ఇతరుల శాంతిని చెరిపి ప్రార్థింపుడని ఏ మతమును బోధింపదనెను. ఇది మనకు చేదుగా తోచవచ్చును. గాని సామెతలు 27:14 చదువుడి. వేకువనే లేచి గొప్ప శబ్దముతో స్నేహితుని దీవించినను, అది వానికి శాపముగానే లెక్కింపబడునట! దీవెన మంచిదే, వేళయు గొంతును చెడ్డవి.

ఏలీయా సంగతియు తలంచుడి. కర్మెలు మీద బయలు ప్రవక్తలు కేకలు వేయగా, ఇంకను పెద్దగా కేకలు వేయుడని వారిని అపహసించెను. తరువాతి అధ్యాయములోనే, హోరేబునొద్ద, గాలిలోను భూకంపములోను అగ్నిలోను లేని ప్రభువు మెల్లని స్వరముతో అతనితో మాటలాడెను. మన దేవునికి చెవుడు లేదు. ముప్పదిమంది కూర్చున్న గదికి గుడి కప్పు మీద రెండు హారనులెందుకో పెద్దలు ఆలోచింపవలెను.

2000 సంవత్సరపు శబ్ద నియమముల ప్రకారము నివాస స్థలములలో పగలు 55 డెసిబెళ్లు, రాత్రి 45 మించరాదు. ఆ చట్టమునకు రాత్రి యనగా పదిగంటలు మొదలు ఉదయము ఆరువరకే. పొరుగువాని రాత్రి అట్లుండదు. బాచుపల్లి ప్రాంతమున అమెరికా వేళలకు కంప్యూటరు పనిచేసి తెల్లవారి ఇల్లు చేరువారున్నారు. ఆసుపత్రిలో నైటు డ్యూటీ దిగిన నర్సులున్నారు. మన పల్లెలో రాత్రంతయు పొలమునకు నీరు పెట్టి వచ్చిన రైతున్నాడు. ఆదివారము మనము మొదటి కీర్తన ఎత్తుకొను వేళకు వారికి అప్పుడే కన్ను మూతపడుచుండును.